చెమట పట్టిన గోడ

ఆదివారం ఇడ్లీ తింటున్న నాన్న ఉన్నట్టుండి నమలడం ఆపేశాడు. ఆయన చూపు ఎదురు గోడ మీద ఆగిపోయింది.

"పద్మజా, మన గోడకు చెమట పట్టింది."

అమ్మ వచ్చి చూసింది. మౌక్తికా చూసింది. కొత్త రంగు మీద పెద్ద తడి మరక. నిన్న పళ్లెమంత ఉంది. ఇవాళ కిటికీ దాకా పాకింది.

"వాన లేదు. పక్కన బాత్రూమ్ లేదు. మరి నీళ్లు ఎక్కడివి?" నాన్న డిటెక్టివ్‌లా గొంతు తగ్గించాడు.

మౌక్తికకు చిన్న అనుమానం వచ్చింది. దాన్ని ఇడ్లీతోపాటు మింగేసింది.

వాళ్లు కాకినాడ నుంచి కలకత్తాలోని సాల్ట్ లేక్ వచ్చి ఏడాది కాలేదు. అయిదో క్లాసు మౌక్తికకు అప్పుడే బెంగాలీ వచ్చేసింది. కనీసం ఆమె అలా చెప్పుకునేది. కూరలబ్బాయితో బేరం, ఆటో దాదాతో దెబ్బలాట, అన్నీ ఆమె నోటితోనే. "మా ఇంటి బెంగాలీ ఆఫీసర్" అని అమ్మ అందరికీ చెప్పేది.

పై అంతస్తులో ఇంటి ఓనర్ శిప్రా మాషీమా ఉంటుంది. మాషీమా అంటే పిన్నమ్మ. మౌక్తిక వాళ్లు భోంచేసే, కొత్తగా కట్టిన గదికీ, పాత ప్రహరీ గోడకూ మధ్య ఆమె చిన్న తోట. అందులో ఆమె ప్రాణమంతా ఒక్క ఫ్లాక్స్ పూల గుబురు మీదే. చలికాలం పూసి చచ్చిపోయే మామూలు ఫ్లాక్స్ కాదది. వేరు బతికుండి ఏటేటా చిగురించే రకం. కాలింపాంగ్ కొండల నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. "కలకత్తా ఎండకు మాడిపోతుంది" అని వీధంతా నవ్వింది. ఈసారి దానికి మొగ్గలు వచ్చాయి. పూలు విచ్చాక నవ్విన వాళ్లందరినీ టీకి పిలవాలని మాషీమా పంతం.

అంతలో కూతురికి ఒంట్లో బాగాలేదని జంషెడ్‌పూర్ వెళ్లాల్సి వచ్చింది. వెళ్తూ మౌక్తికను పిలిచింది.

"మౌ, గోడాయ్ జోల్ దేబే, పాతాయ్ నోయ్. బుఝేఛో?"

జోల్ అంటే నీళ్లు. దేబే అంటే ఇవ్వాలి. అది తెలుసు. గోడకు నీళ్లు పోయాలి, పాతదానికి వద్దు. కొంచెం వింతగానే ఉంది. కానీ అక్కడ రెండు గోడలున్నాయి, ఒకటి కొత్తది, ఒకటి పాతది. కొత్త గోడను తడపాలని కాకినాడలో ఇల్లు కట్టేటప్పుడు తాతయ్య చెప్పేవాడు. గోడ చల్లగా ఉంటే పక్కనున్న కొండ మొక్కకు ఏసీలా ఉంటుంది కాబోలు.

అడుగుదామనుకుంది. కానీ పక్కనే అమ్మ ఉంది. బెంగాలీ ఆఫీసర్ మళ్లీ అడిగితే ఏం బాగుంటుంది?

"హ్యా, బుఝేఛి" అంది. అర్థమైందని.

ఆ రోజు నుంచీ పొద్దునా సాయంత్రం పైపు పట్టుకుని కొత్త గోడకు స్నానం చేయించింది. మొక్క మీద చుక్క పడకుండా ఎంత జాగ్రత్తో. పైపు చేతిలో చూసి, మొక్కకే పోస్తోందని అమ్మ మురిసిపోయింది.

ఇడ్లీలు అయిన గంటకు, నాన్న ఫోన్ చేస్తే, హౌరా వైపున్న షాలిమార్ నుంచి తెలుగు ప్లంబర్ పోలయ్య దిగాడు. గోడకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని విన్నాడు.

"లోపల పైపు పగిలిపోనాది బాబూ. నాకు ఇనబడతంది."

"ఈ గోడలో పైపు ఉందా?" అన్నాడు నాన్న.

"నేకపోతే నీరు ఎలగొస్తాది? కొట్టేయాల." పోలయ్య సంచిలోంచి సుత్తి తీశాడు.

సరిగ్గా అప్పుడే అమ్మ ఫోన్ మోగింది. మాషీమా వీడియో కాల్. మౌక్తిక ఫోన్ లాక్కుని తోటలోకి పరుగెత్తింది.

"మౌ, గోడాటా దేఖావ్."

మౌక్తిక ఫోన్‌ను గోడ వైపు తిప్పింది. కింద నుంచి పైదాకా మెల్లగా చూపించింది. తళతళా తడిగా ఉంది. మాషీమా ముఖం వెలగలేదు.

"ఓటా తో దేవాల్."

మౌక్తికకు ఆ మాట తెలుసు. గది కట్టిన మేస్త్రీలు ఆ మాటే అనేవాళ్లు. దేవాల్ అంటే గోడ. మరి గోడా అంటే?

మాషీమా పక్కనున్న తులసి కుండీని తెర ముందుకు లాగింది. కాండం మట్టిలోకి దిగే చోట వేలు పెట్టింది. "ఏఇ జే, గోడా." తర్వాత ఒక ఆకు పట్టుకుంది. "ఆర్ ఏటా పాతా."

మొక్క మొదట్లో నీళ్లు పోయమంది. ఆకుల మీద వద్దంది.

ఇన్నాళ్లూ గోడనే చూసిన మౌక్తిక మెల్లగా పక్కకు చూసింది. ఫ్లాక్స్ తల వేలాడేసింది. మొగ్గలు కిస్మిస్‌లా ఎండిపోయాయి.

లోపల ధన్‌మని చప్పుడైంది. ఫోన్ పట్టుకునే లోపలికి దూసుకెళ్లింది. పోలయ్య రెండో దెబ్బకు సుత్తి ఎత్తాడు.

"ఆపు తాతా. లోపల పైపు లేదు. నీళ్లు నేనే పోశాను."

సుత్తి గాల్లోనే ఆగింది.

"గోడకా? ఏటమ్మా, గోడ పూలు పూస్తాదేటి?"

"నీకు బెంగాలీ వచ్చన్నావు?" అంది అమ్మ.

"వచ్చు. ఆ రెండు మాటలే రాలేదు."

నాన్న నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకున్నాడు. చొక్కా తడిసింది.

మౌక్తికకు మాత్రం నవ్వు రాలేదు. ఫోన్‌లో మాషీమా ఇంకా చూస్తూనే ఉంది. మళ్లీ తోటలోకి వెళ్లి, ఈసారి మొక్కనే చూపించింది. వచ్చిన బెంగాలీ అంతా కూడదీసుకుంది. తనకు అర్థం కాలేదనీ, అయినా అర్థమైందని చెప్పాననీ ఒప్పుకుంది.

మాషీమా తెర దగ్గరికి జరిగి ఒక్కో మొగ్గనూ చూసింది. తర్వాత, ఎండిన కొమ్మలు కత్తిరించి మొదట్లో నీళ్లు పోయమంది. 

ఆమె తిరిగొచ్చేసరికి పూలు లేవు. టీ పార్టీ కూడా లేదు. మట్టిలోంచి మాత్రం రెండు ఆకుపచ్చ మొలకలు తొంగిచూస్తున్నాయి. మాషీమా వాటి ముందు గొంతుక్కూర్చుంది. మౌక్తిక నీళ్ల మగ్గుతో పక్కన నిలబడింది.

"ఎక్టు ఛాయ్ దియో, మౌ."

కొంచెం ఛాయ్ ఇవ్వాలట. మొక్కకా? బెంగాలీలో టీని చా అంటారు. ఛాయ్ కూడా అదేనేమో. కొండ మొక్క కదా, టీ తాగుతుందేమో.

వంటింటి కిటికీలోంచి వింటున్న అమ్మ, టీకని స్టవ్ వెలిగించింది. పక్కింటి ఆంటీ గోడ మీంచి చూస్తోంది. మౌక్తిక చెవులు వేడెక్కాయి.

"బుఝినీ, మాషీమా" అంది, అందరికీ వినపడేలా. అర్థం కాలేదని. "ఛాయ్ అంటే ఏంటో చూపించండి."

మాషీమా ఆమె చెయ్యి పట్టుకుని మూలనున్న డబ్బా దగ్గరికి తీసుకెళ్లింది. మూత తీసి గుప్పెడు బూడిద ఆమె అరచేతిలో పోసింది.

మౌక్తిక ఆ బూడిదను చూసింది. తర్వాత వంటింటి వైపు తిరిగింది.

"అమ్మా, స్టవ్ ఆపెయ్. ఛాయ్ అంటే టీ కాదు, బూడిద."