సంతకం లేని మొదటి పేజీ

“ఈసారీ సర్టిఫికెట్ రాదే. పొద్దుట్నుంచి నా కుడికన్ను అదురుతోంది,” అన్నాను. ఇనస్పెక్టరు ఇంకా రానేలేదు.

“నీ కంటికి స్పిరులినా గురించి ఏటి తెలుసమ్మా,” అంది నా కూతురు సాయిప్రియ, తొట్టెల మీద వల సర్దుతూ.

నర్సీపట్నం నుంచి మాకవరపాలెం వెళ్ళే దారిలో మావి నాలుగు తొట్టెలు. వాటిలో స్పిరులినా అనే ఆకుపచ్చ నాచు పెంచి, గుడ్డలో వడకట్టి, ఎండబెట్టి పొడి చేస్తుంది మా పిల్ల. ఆర్గానిక్ సర్టిఫికెట్ ఉంటేనే విశాఖ కంపెనీ కొంటుందట. అదీ ఈ నెలాఖరులోగా. రాకపోతే తొట్టెలు తీసేసి తునిలో మా చెల్లెలి బట్టల కొట్లో కూర్చుంటానని నాకు మాటిచ్చింది.

ఇనస్పెక్టరు సింహాద్రి బండి దిగాడు. పాయకరావుపేట కుర్రాడు. కిందటేడు మొదటిసారి వచ్చినప్పుడు, గుడ్డ సబ్బుపొడితో ఉతికామని ఒక తొట్టె మొత్తం పారబోయించాడు.

“మీకు జాలి లేదా?” అంది సాయిప్రియ.

“ఉందండి. తినేవాళ్ళ మీద,” అన్నాడు అతను.

ఆ తర్వాత ఇద్దరి మధ్యా ఫోన్లు మొదలయ్యాయి. ఇనస్పెక్టర్లు రైతులకి సలహాలు చెప్పకూడదట, రూలు. మరి గంటలు గంటలు ఏటి మాటాడుకుంటారో, మా గుంట ఎందుకు నవ్వుతుందో నాకు బోధపడేది కాదు.

ఇవాళ ఇద్దరి మొహాల్లోనూ నవ్వు లేదు. రేకుల కింద కూర్చుని ఫైలు తెరిచాడు. పెన్ను తీశాడు. మొదటి పేజీ మీదే ఆగిపోయాడు. రేకు మీద చినుకులు మొదలయ్యాయి. ఫైలు మూసేశాడు.

“ఈ తనిఖీ నేను చెయ్యలేనండి. వేరే ఆయన్ని పంపమని ఆఫీసుకి రాస్తాను. నలభై రోజులు పట్టొచ్చు.”

“ఏటి తేడా కనిపించింది బాబూ? గుడ్డలు వేణ్ణీళ్ళతోనే ఉతుకుతున్నాం. ఒట్టు.”

“తేడా మీ తొట్టెల్లో లేదండి.”

కాగితం తీసి నా వైపు తిప్పాడు. ఏడో తరగతి చదువు నాది, కూడబలుక్కుని చదివాను. ‘ఈ రైతుతో నాకు ఎటువంటి బంధుత్వమూ, సంబంధమూ లేదు.’ కింద సంతకం చోటు ఖాళీ.

“నా వైపు నుంచి అది అబద్ధమండి,” అన్నాడు తల దించుకుని. “ఆవిడ మనసులో ఏముందో నాకు తెలీదు. ఎప్పుడూ అడగలేదు.”

నాకు అర్థమైంది. భయం ఇంకా ఎక్కువైంది. “పెట్టేయి బాబూ, ఎవరు సూస్తారు. కంపెనీ ఆగదు. ఒసే, నువ్వైనా సెప్పవే, ఏ సంబంధమూ లేదని.”

అది వల కొస పట్టుకుని నిలబడింది. వాన రేకు మీద దబదబా పడింది, మెల్లగా తగ్గింది. అతను పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. తొట్టెలూ, కంపెనీ, తుని కొట్టూ అన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి. చూరు నీళ్ళు కారడం కూడా ఆగిపోయింది.

“వేరే ఆయన్నే పంపమనండి,” అంది సాయిప్రియ. “ఆ మాట నా వైపు నుంచీ అబద్ధమే.”