క్షమాపణల ఆదివారం నాడు వచ్చిన ముసలివాడు

ప్రదోషవేళ! ఫిబ్రవరి ఆఖరి ఆదివారం... రష్యా నుంచి వలస వచ్చినవాళ్ళ సముద్రతీరపు పేట బ్రైటన్ బీచ్ మీద ఆకాశం మాడిన అట్టులా నల్లబడింది. మంచు కురుస్తుండగానే ఫెళఫెళమని ఉరుము! వంతెన మీద రైలు పోతున్న మోతలో అది కలిసిపోయింది గనుక కింద చేపల దుకాణంలో ఎవరూ తలెత్తి చూడలేదు. గుడ్లగూబలు తిరిగే చోటు కాదది. కానీ తీరమంతా గోలచేసే సముద్రపు పక్షులు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి...

సరిగ్గా అప్పుడే నాలుగో అంతస్తు మెట్లెక్కుతున్నాడు యెర్మొలాయ్!

ఉత్తర రష్యా అడవుల్లో అరవై ఏళ్ళు పిశాచాలను సాకిన క్షుద్రోపాసకుడు వాడు. ఇప్పుడు ఒళ్ళంతా పుచ్చి, పేగులు కుళ్ళి, చావడానికి నానా యాతనా పడుతున్నాడు. చావు రాదు! తన పిశాచాలను మరొకరు చేతులారా అందుకుని "తీసుకున్నాను" అనేదాకా అలాంటివాడి ప్రాణం పోదు. చేసుకున్న పాపం తానే అనుభవించవచ్చు కదా? ఊహూ! పందొమ్మిదేళ్ళ పిల్ల నెత్తిన రుద్దడానికి సముద్రాలు దాటి వచ్చాడు నీచుడు!

దినం కూడా చూసుకునే వచ్చాడు. రేపటి నుంచి క్రైస్తవుల పెద్ద ఉపవాసాలు. ఈరోజు క్షమాపణల ఆదివారం, గుమ్మంలోకి వచ్చి క్షమించమన్నవాణ్ణి ఎవరూ వెనక్కి పంపరు.

తలుపు తీసింది పోలినా.

"నన్ను క్షమించమ్మా..."

"దేవుడు క్షమిస్తాడు తాతయ్యా, మీరూ నన్ను క్షమించండి," అని ఆనవాయితీ జవాబు గడగడా అప్పజెప్పేసింది పిల్ల.

ముసలివాడు ఎర్రగుడ్డ మూట చాపాడు. "మీ అమ్మది. ఊళ్ళో వదిలేసి వచ్చింది. తీసుకో."

"అయ్యయ్యో, గడప మీద ఇచ్చిపుచ్చుకుంటే మా అమ్మ నా చెవి మెలేస్తుంది! లోపలికి రండి. అట్లు వేడివేడిగా ఉన్నాయి."

అంతే! పిలవని ఇంట్లో అడుగుపెట్టలేని దుర్మార్గుణ్ణి తల్లి నేర్పిన మర్యాదే లోపలికి లాక్కొచ్చింది! వాడు మూటను ఆమె చేతుల్లో పెట్టాడు. గుడ్డ జారిపోయింది... కపాలం! పాలిపోయిన చిన్న కపాలం! పోలినా కనుగుడ్లు వెనక్కి తిరిగిపోయాయి. జడ ఊడి జుట్టు గాలిలో లేచింది. ఆమె గొంతులోంచి వేరెవరో ఆడపిల్ల కేక... ఇంట్లో దీపాలన్నీ ఆరిపోయాయి!

మీగడ డబ్బా కోసం వీధి చివరి దుకాణానికి వెళ్ళిన పోలినా తల్లి జినైదా అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. డబ్బా చేతిలోంచి జారింది. ఇరవై రెండేళ్ళుగా ఆమె భయపడిన ముఖం అది! ఇంటిపేరు మార్చుకుంది, మూడు ఊళ్ళు మారింది, తలుపుకు నాలుగు తాళాలు బిగించింది. ఇప్పుడు చిత్రంగా భయం లేదు... ఒళ్ళు మండుతోంది!

"ఒరేయ్ ముసలి నక్కా! వదలరా నా కూతుర్ని!"

వికటాట్టహాసం! "నువ్వు తీసుకోవాల్సింది జినా. నా దగ్గర విద్య నేర్చుకుని పారిపోయావు. నీ బదులు ఇది తీసుకుంటుంది. ఊఁ... అను పిల్లా! తీసుకున్నానని అను!"

"తీ...సు...కు..." పోలినా పెదాలు కదిలాయి!

ఆ కపాలం వాడు బలి ఇచ్చిన జినైదా చెల్లెలు తయీసియాది. ఆ పిల్ల ఆత్మ కాపలా ఉన్నంతకాలమే పిశాచాలు వాడి మీద పడవు. బలిని తెచ్చిన మనిషి తన పాపం ఒప్పుకుని నోరు విప్పనంతకాలమే ఆ ఆత్మ వాడికి బానిస! ఆ సంగతి జినైదాకు తెలుసు. తెలిసీ ఇన్నేళ్ళూ నోరు మూసుకుంది.

ఆమె పెదవి విప్పడం చూసి వాడు వణికాడు. "చెప్తావా? చెప్పు! నీ కూతురే నీ మొహాన ఉమ్మేస్తుంది!"

"ఉమ్మనీ!" గర్జించింది జినైదా. "విను పోలీ! నీకో పిన్ని ఉండేది. తయీసియా. పదిహేనేళ్ళది. జ్వరంతో ఉన్నదాన్ని నయం చేయిస్తానని చెప్పి, వీడి విద్య మీద ఆశతో నేనే వీడి గుడిసెకి నడిపించుకెళ్ళాను! బయట గడియ పెట్టింది నేనే! అది అక్కా, అక్కా అని అరుస్తుంటే విన్నాను... తియ్యలేదు!"

మరుక్షణం కిటికీ అద్దాలు భళ్ళున పగిలాయి! కాపలా తెగింది. గోడల్లోంచి, పొయ్యిలోంచి, వాడి సొంత నోట్లోంచి నల్లటి పిశాచాలు బుసలు కొడుతూ లేచి వాడి మీదే పడ్డాయి! మాంసం చీలుతోంది... ఎముకలు పటపటమంటున్నాయి!

"క్షమించు జినా! ఈరోజు కాదనకూడదు! క్షమించు!"

"దేవుడు క్షమిస్తాడేమో పోయి అడుక్కో. నేను క్షమించను!"

నీలిమంట ఒక్కసారి పైకప్పును తాకి చల్లారింది. నేల మీద దోసెడు మసి మిగిలింది.

జినైదా కూతురి చేతుల్లోని కపాలం ముందు మోకరిల్లింది. పోలినా నోట ఇంకా ఆ లేతగొంతే పలుకుతోంది.

"తయీ... నన్ను..."

"నిన్ను క్షమించడానికి ఆగలేదక్కా. పిల్లను కాయడానికి ఆగాను."

గొంతు ఆగిపోయింది. దీపాలు వెలిగాయి. పోలినా కళ్ళు తెరిచింది. అంతా విన్నదని ఆ కళ్ళు చూస్తేనే తెలిసింది. ఉమ్మలేదు. తల్లి దగ్గరకూ రాలేదు. బల్ల మీది అట్ల పళ్ళెం పక్కకు జరిపి, కపాలాన్ని శుభ్రమైన తువ్వాలు మీద పెట్టి, తల్లి వైపు చూడకుండానే అడిగింది.

"పిన్నిని ఎక్కడ పూడ్చిపెడదాం?"