జీపు ముఖం అమలాపురం వైపు

బుధవారం ఉదయం పదీ నలభైకి కాలవలో జీపు కనిపించింది. స్టీరింగుకీ సీటుకీ మధ్య గంగాధరరావు శవం ఇరుక్కుని ఉంది.

కాట్రేనికోనలో కొబ్బరితోట, సముద్రం వైపు రొయ్యల చెరువులు ఉన్న పెద్దమనిషి. అనుమానం కూడా ఆస్తికి తగ్గట్టే ఉండేది. పాలు వస్తే వేలు ముంచి చూడనిదే ఇంట్లోకి పోనిచ్చేవాడు కాదు.

అది 2001 ఫిబ్రవరి. జీపు పాతికేళ్ళనాటి ఫోర్ వీల్ డ్రైవ్.

మధ్యాహ్నానికల్లా ఊరు తీర్పు చెప్పేసింది. స్టీరింగు రాడ్డు చివర బాల్ జాయింటు ఊడిపోయింది. దాని నట్టు లేదు. నట్టు వదులు కాకుండా అడ్డం గుచ్చే స్ప్లిట్ పిన్నూ లేదు. అరిగిన జాయింట్లు తీసి కొత్తవి వేసింది అమలాపురం మెకానిక్ కృపారావు. అదీ సోమవారమే.

"కొత్తవి కాదండి. పాతవే కిరసనాయిల్లో కడిగి బిగించేడు," అన్నాడు మృతుడి బావమరిది నాగసతీష్. "పిన్ను పెట్టడం కూడా మర్చిపోయేడు."

ఎస్సై లిడియా కృపారావుని స్టేషనుకి రప్పించింది. ఇద్దరిదీ ఒకే చర్చి. ఇంకేముంది, వదిలేస్తుందని ఊరు గుసగుసలాడింది. ఆమెకి ఒళ్ళు మండింది. అందుకే మరీ గట్టిగా అడిగింది.

"పిన్ను పెట్టావా?"

"ఆయ్. కొత్తదేనండి."

"పాత సామాను ఏది?"

ఆ ప్రశ్నకి కారణం ఉంది. పాత సామాను చేతిలో పడితేనే కొత్తది వేసినట్టు లెక్క. అక్కడ బండి ఉన్న ప్రతివాడి పద్ధతీ అదే.

"సోమవారం అయ్యగారు తొందరలో మర్చిపోయేరండి. మంగళవారం సాయంత్రం ఆరింటికి నేనే గోనెసంచిలో తెచ్చి, గేటు దగ్గర సతీష్ గారి చేతికిచ్చేను."

నాగసతీష్‌ని అడిగితే సంచీ లేదు, గించీ లేదన్నాడు. చూసినవాళ్ళూ లేరు.

కేసు నిలబడితే కృపారావుకి జైలు. షెడ్డుకి తాళం. అతని భార్య రూతు స్టేషన్ మెట్ల మీద కూర్చుని కదలలేదు. ఆమెని దాటుకుని లోపలికి వెళ్ళడం లిడియాకి కష్టంగా ఉంది.

గురువారం ఉదయం ఏడింటికి లిడియా టార్చి పట్టుకుని జీపు కింద దూరింది. యూనిఫారం పాడైపోతుందండి అని కానిస్టేబుల్ అప్పారావు గొణిగాడు.

జాయింటు మరల మీద కొత్త ఇనుము మెరుస్తోంది. పిన్ను గుచ్చే రంధ్రంలో ఆకుపచ్చగా ఏదో ఇరుక్కుంది. సూదితో పొడిచి తీసింది.

కొబ్బరి ఈనె ముక్క. పచ్చిది.

"అప్పారావూ, శవం జేబులో ఏమున్నాయి?"

"కళ్ళజోడండి. దువ్వెనండి. ఏదో విరిగిన తీగముక్క. పనికొస్తుందో లేదోనని పంచనామాలో రాసేం."

"జీపు ముఖం ఎటుంది?"

"అమలాపురం వైపండి."

చెరువుల దగ్గరికి వెళ్తున్నానని భార్య కామేశ్వరికి చెప్పి బయల్దేరిన మనిషి అతను. చెరువులు ఉన్నది ఆ వైపు కాదు.

లిడియా అక్కణ్ణుంచి నేరుగా తోటకి వెళ్ళింది. బుధవారం అక్కడ కాయల దింపు జరిగింది. కూలీలకి అంతా తెలుసు. వాళ్ళని అడగాలని ఎవరికీ తోచలేదు, అంతే.

శుక్రవారం పదకొండు గంటలకి గంగాధరరావు ఇంటి వరండాలో అందరినీ కూర్చోబెట్టింది.

"సోమవారం గుచ్చిన ఈనె అయితే ఈపాటికి ఎండిపోయేది. ఇది బుధవారం పొద్దున కోసింది. ఎనిమిదిన్నరకి గంగాధరరావుగారు కూలీలని టీకి పంపేశారు. వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తే, పంచె ఎగ్గట్టి జీపు కింద దూరుతున్నారు. కొత్తది వేశాడో లేదో చూడ్డానికి ఆయనే నట్టు విప్పారు. విప్పుతుంటే పిన్ను విరిగింది. ఆ ముక్కే జేబులో ఉంది. తాత్కాలికంగా ఈనె గుచ్చి బండి తీశారు. గతుకుల్లో ఈనె తెగింది, నట్టు ఊడింది."

"కడిగిన సామానని ఆయన చెవిలో వేసిందెవరు? అమలాపురంలో కృపారావు షెడ్డుకి పోటీగా పెట్టిన కొత్త వర్క్‌షాపులో వాటా ఉన్నదెవరికి?"

"నాకేం తెలియదండి," అన్నాడు నాగసతీష్. "సంచీ నేను చూళ్ళేదు."

కామేశ్వరి లేచి పెరట్లోకి వెళ్ళింది. వచ్చేటప్పుడు ఆమె చేతిలో గోనెసంచి ఉంది.

"పొద్దున్న నీళ్ళపొయ్యిలోకి కొబ్బరి డొక్కలు తీస్తుంటే, గుట్ట అడుగున కనిపించిందండి. ఏంటో అనుకున్నాను."

గచ్చు మీద బోర్లించింది. అరిగిన బాల్ జాయింట్లు దొర్లాయి. ఒకటి నాగసతీష్ కాలి దగ్గర ఆగింది.

"బుధవారం పొద్దున్న మీ బావగారు నన్నడిగేరు, సంచీ ఏవన్నా వచ్చిందా అని," అంది తమ్ముడితో. "లేదన్నాను. ఆ మాట నా చేత చెప్పించేవురా."

అప్పారావు వెళ్ళి నాగసతీష్ పక్కన నిలబడ్డాడు.

మూలన నిలబడ్డ కృపారావు నోరు విప్పాడు. తనని వదిలేస్తారా అని అడుగుతాడనుకుంది లిడియా.

"కొత్తవేనని అయ్యగారు చూసుకున్నారా అండి?"

"చూసుకున్నారు. మన వాళ్ళు శాంపిల్ లేకుండా ఏదీ కొనరు కదా. విరిగిన పిన్ను జేబులో వేసుకుని, ఇంకోటి వేయించుకుందామని నీ షెడ్డుకే వస్తున్నారు."

కృపారావు తలగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు. మూడు రోజుల్లో అతను ఏడవడం అదే మొదలు.