తలుపు తట్టాక వచ్చిన ఓడ

"ఇది మీరు కుట్టిందేనా?"

బైండింగు షాపు బల్ల మీద నవల దభీమని పడింది. జిగురు డబ్బా ఉలిక్కిపడింది. బైండరు కుర్రాడు మాత్రం నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది.

"నేనేనండీ. అట్ట బాగా కుదిరింది కదూ?"

"అట్టకేం, భేషుగ్గా ఉంది. లోపల చూడండి. రొట్టెల కొట్టావిడ తన మొగుణ్ణి జైలుకి పంపిన పొరుగాయన ఇంటికెళ్ళి తలుపు తట్టింది. ఇప్పుడు పేజీ తిప్పండి."

తిప్పాడు. నడిసముద్రంలో తుఫాను. తెరచాపలు దించమని కెప్టెను అరుస్తున్నాడు.

"అయ్యో."

"అయ్యో అంటే సరిపోదు. అది చదువుతున్నది మా నాన్న!"

ఆమె చర్చి లైబ్రరీ చూసుకుంటుంది. ఆ చర్చి పాస్టరు ఆమె తండ్రే. మెత్తని మనిషి. నవలలంటే మాత్రం గిట్టదు. కట్టుకథలతో విశ్వాసం పెరగదని ఆయన పట్టు. నవలల బీరువా ఖాళీ చేసి వ్యాఖ్యాన గ్రంథాలు పెడదామని సంఘ పెద్దలంటే ఆయన సరేనన్నారు. కూతురు అడ్డం తిరిగింది. "ఒక్కటి చదవండి నాన్నా. చదివాక కూడా వద్దంటే నా చేతుల్తో నేనే ఖాళీ చేస్తా." ఆయన ఒప్పుకున్నారు. ఇవాళ సాయంత్రమే పెద్దలకు మాట చెప్పాలి.

ఏది ఇవ్వాలో తేల్చుకోలేక ఆమె బీరువా ముందు చాలాసేపు నిలబడింది. ప్రార్థన చేయగానే ఉద్యోగం వచ్చిపడే కథలు పక్కన పెట్టింది. దుర్మార్గుడు ఉన్నట్టుండి చివరి పేజీలో మోకరించే కథలూ పెట్టేసింది. మిగిలింది రొట్టెల కొట్టావిడ. అందులో ప్రసంగాలు లేవు. పిండి కలుపుతూ దేవుడితో పోట్లాడే ఒక మనిషి ఉంది. అట్ట ఊడిందని దాన్ని, ఇంకో ఓడ నవలతో పాటు, బైండింగుకిచ్చింది. అదే కొంప ముంచింది.

"పొద్దున కాఫీ తాగుతూ ఏమన్నారో తెలుసా? 'ఈ ఓడ ఎక్కణ్ణుంచి ఊడిపడిందమ్మా?' అన్నారు. నవలలంటే ఇంతేనని మూసేశారు."

"రెండూ ఒకే ప్రెస్సులో అచ్చయినవండీ. కాగితం ఒకటే, సైజు ఒకటే. పదహారేసి పేజీల మడతలన్నీ కలిపి కుడితే పుస్తకం. ఈ రెండింటి చివరి మడతలూ విడిగా పెట్టుకున్నా. తిరిగి చేర్చేటప్పుడు అటుది ఇటైంది. పేజీ నంబర్లు సరిపోయాయని కుట్టేశా."

"విడిగా ఎందుకు పెట్టుకున్నారు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "చదవడానికి."

"బైండింగుకిస్తే చదువుతారా?"

"చదవకూడదు. పని నేర్పేటప్పుడు మా మావయ్య ముందు చెప్పింది అదే. వేరేవాళ్ళవి ముట్టనండీ. మీరు తెచ్చేవే. ఆ తలుపు దగ్గర ఆగలేకపోయా. ఆవిడ చేతిలో వేడి రొట్టె కూడా ఉంది కదా!"

ఆమె కోపానికి చిన్న కన్నం పడింది. వెంటనే పూడ్చేసుకుంది.

"ఓడ కథ నా సంచీలోనే ఉంది. ఇప్పుడే సరిచేయండి."

"చేస్తా. మీతో పాటు వస్తా కూడా."

"అక్కర్లేదు."

"తప్పు నేను చేస్తే శిక్ష నవలకా? వస్తానండీ."

అతను రెండు పుస్తకాలూ విప్పి, రొట్టెల కొట్టావిడ కథను దాని చివరి మడతతో కుట్టాడు. జిగురు ఆరే వ్యవధి లేదు. అట్ట లేకుండానే తీసుకుని బయల్దేరారు. సరిగ్గా అప్పుడే వాన అందుకుంది. అతను తన రెయిన్‌కోటు విప్పి పుస్తకానికి చుట్టాడు. పుస్తకం పొడిగా చేరింది. అతను మాత్రం నీళ్ళోడుతూ పాస్టరు గారి ముందు నిలబడ్డాడు.

"వందనాలండీ అయ్యగారూ. ఓడ నా తప్పు. నవలది కాదు."

పాస్టరు గారు తువ్వాలు అందించారు. "ముందు తల తుడుచుకో బాబూ." అంతా విన్నాక అడిగారు, "అయితే, చదువుతూ తప్పు చేశావన్నమాట."

"అవునండీ."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇంతకీ ఆవిడ అతన్ని క్షమించిందా?"

"కట్టుకథ కదా నాన్నా, మీకెందుకు?"

"పొద్దుట్నుంచి ప్రసంగం ఒక్క ముక్క రాయలేదే. కలం పడితే చాలు, ఆవిడ ఆ తలుపు ముందు నిలబడుతోంది. చెప్పు."

"చెప్పను. చదవండి."

"నువ్వైనా చెప్పు బాబూ."

"నేనూ చెప్పనండీ."

"ఇద్దరూ ఒకటయ్యారా!" అంటూ ఆయన పుస్తకం అందుకున్నారు.

వాళ్ళిద్దరూ వసారాలోకి వచ్చారు. చూరు నుంచి ధార కడుతోంది.

"ఒక్కరోజు పనికి వారం తీసుకునేది ఇందుకా? చదువుకోడానికా?" అంది ఆమె.

"చదవడానికి రెండ్రోజులు చాలండీ."

"మరి మిగతా రోజులు?"

"ఇంకా కాలేదా అని మీరు వచ్చి నన్ను తిట్టడానికి."

ఆమె వానను చూసింది. వాన ఏమీ సాయం చేయలేదు.

"ఇక ఈ దొంగచాటు చదువులు వద్దు. లైబ్రరీకి రండి. నవల నేను ఎంచి ఇస్తా. బాగుందని ఊరుకుంటే ఒప్పుకోను. ఎందుకు బాగుందో చెప్పాలి."

"బీరువా ఉంటే కదండీ?"

"ఉంటుంది. చర్చిలో వద్దంటే నా గదిలో పెడతా."

"అన్నీ చదవాలంటే ఏళ్ళు పడుతుంది."

"పట్టనివ్వండి. నేనెక్కడికీ పోను."

అతను తువ్వాలుతో మళ్ళీ తల తుడుచుకున్నాడు.

తలుపు దగ్గర అలికిడైంది. పాస్టరు గారు కళ్ళజోడు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"క్షమించానని ఆవిడ నోటితో అననే లేదు," అన్నారు. "రొట్టె విరిచి సగం ఇచ్చింది, అంతే. నేను ఎన్ని ఆదివారాలు చెప్పినా అలా చెప్పలేకపోయానమ్మా. బీరువా కదలదు. పెద్దలకు నేను చెబుతా. వాళ్ళు వినకపోతే తలా ఒక నవల ఇద్దాం."

కూతురు తండ్రి చెయ్యి పట్టుకుంది.

ఆయన కుర్రాడి వైపు తిరిగారు. "బాబూ, మీ మావయ్యని ఒకసారి ఇంటికి రమ్మను. మాట్లాడాలి."

"బైండింగు సంగతాండీ?"

"కాదు."

"నాన్నా! ముందు నన్నడగరా?"

"నిన్నడగాలా? జల్లు మొహాన కొడుతుంటే ఇందాకట్నుంచి ఇక్కడే నిలబడ్డావు. లోపలికి రావాలని కూడా తోచలేదు నీకు."