వంపు చెప్పిన అమ్మాయి

"మీరు ఏ జిగురు వాడతారు?"

వర్క్‌షాప్ గుమ్మంలో సైకిలు ఆపి, ఇంకా దిగకుండానే ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న అది. మంచీ లేదు, మర్యాదా లేదు.

"అతుక్కునే జిగురు," అన్నాడు విల్లులబ్బాయి తలెత్తకుండా. వీధిలో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు.

"అతుక్కోకపోతే?"

అప్పుడు తలెత్తాడు. కనుబొమ్మల మీదికి జుట్టు దించుకున్న అమ్మాయి. చురుకైన కళ్ళు. ఆ కళ్ళు అతన్ని వదిలేసి క్లాంపుల్ని, చెక్క పట్టీల్ని, గోడకున్న కప్పీని, ఒక్కోదాన్నీ తీరిగ్గా చూస్తున్నాయి. అతని ఒళ్ళు మండింది.

"మీకేం కావాలండీ?"

"విల్లు. కొనేముందు చూస్తానుగా, తప్పా?"

తప్పు కాదు. కానీ వీధి చివర కొత్తగా ఫైబర్ విల్లుల షాపు తెరిచారు. అక్కడ అన్నీ మెషీన్లే. చెక్క విల్లు ఎలా చేస్తారో కనుక్కురమ్మని ఎవరినో పంపకుండా ఉంటారా? పైగా అందమైన అమ్మాయిని పంపితే ఎవరు కాదంటారు? తన తెలివికి తనే మురిసిపోయి, ఆ క్షణమే ఆమెకి సీఐడీ అని పేరు పెట్టేశాడు.

అనుమానపు మనిషేం కాదతను. కాలం అలా తయారుచేసింది. ఆ ఏడు విలువిద్య క్లబ్ పోటీల్లో తమ వర్క్‌షాప్‌లో చేసిన విల్లు ఒకటి ఎవరో అమ్మాయి చేతిలో పేలినట్టు విరిగింది. పొరలు ఊడి మొహానికి తగిలాయట. అప్పటినుంచి ఆర్డర్లు లేవు. మావయ్య పోయాక ఆ వర్క్‌షాప్‌నే నమ్ముకుని బతుకుతున్నది అత్తయ్యా, అతనూ. వెళ్ళి బతిమాలితే క్లబ్ కోచ్ ఒక్క మాట అన్నాడు. "ఇంకో విల్లు చేసుకురా. ఆదివారం అందరి ముందూ లాగించి చూస్తా. నిలబడితే మీ దగ్గరే కొంటాం. లేదంటే ఫైబర్ షాపుకి వెళ్తాం."

ఆ ఒక్క విల్లు పనే ఇప్పుడు బల్ల మీద ఉంది. అదీ పోతే షాపుకి తాళమే.

సీఐడీ మర్నాడు కూడా వచ్చింది. ఆ మర్నాడు కూడా.

"ఈ పట్టీలు ఎన్ని పొరలు వేస్తారు?"

"సరిపడా."

"జిగురు పూసేది మీరేనా?"

"కాదు, దెయ్యాలు పూస్తాయి."

ఆమె నవ్వు ఆపుకోవడం అతను చూశాడు. చూసినందుకు తనని తనే తిట్టుకున్నాడు.

వర్క్‌షాప్‌లోనే ఒక మూల కుట్టుమిషన్ మీద విల్లులకి సంచులు కుడుతుంది అత్తయ్య. ఆ అమ్మాయి వెళ్ళగానే దారం కొరికి అంది. "పిల్ల బాగుందిరా."

"బాగుంటుంది. గూఢచారులు బాగానే ఉంటారు."

"గూఢచారైతే నీ మొహం అన్నిసార్లు ఎందుకు చూస్తుందిరా?"

"మొహం కాదత్తయ్యా, నా వెనకాల క్లాంపులు చూస్తోంది!"

ఎందుకైనా మంచిదని, పొరలు అతికించే రోజున తలుపు గడియ పెట్టేసుకున్నాడు. అత్తయ్యని కూడా బయటే కూర్చోబెట్టాడు. ఎప్పుడూ పట్టీలు తుడిచి చేతికి అందించేది ఆవిడే. ఈసారి తుడవడం, జిగురు పూయడం, అచ్చు మీద పరిచి బిగించడం, అన్నీ తనే చేసుకున్నాడు. బయట సైకిలు బెల్లు మోగింది. తలుపు తియ్యలేదు.

"నీ అనుమానం సంతకెళ్ళా!" అని గుమ్మం అవతల్నుంచి అత్తయ్య తిడుతూనే ఉంది.

తర్వాతి రోజు వాన దంచికొట్టింది. సీఐడీ తడిసి ముద్దై లోపలికి పరిగెత్తుకొచ్చింది. తుడుచుకోమని అతను ఇచ్చిన గుడ్డ నిండా రంపపు పొట్టు. ఆమె తుడుచుకుంటే బుగ్గంతా పొట్టే. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ అతను చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఏంటలా చూస్తున్నారు?"

"ఏం లేదు. మీరు నిజంగా విల్లు కొనడానికే వచ్చారా?"

"మీ విల్లు ఒకటి విరిగిందట కదా," అంది మెల్లగా. "ఎందుకు విరిగింది?"

ఆ మాట వింటే చాలు, అతనికి నోటికి అడ్డూ అదుపూ ఉండదు. "విల్లుదేం తప్పు లేదండీ. ఎవరో మహాతల్లి ఎండలో, కార్లో పడేసుంటుంది. వేడికి జిగురు కరిగిపోతుంది. వస్తువు విలువ తెలియని వాళ్ళ చేతిలో పెడితే అంతే మరి. కోచ్‌కి కూడా అదే చెప్పా."

"ఆ అమ్మాయిని అడిగారా?"

"అడగడమెందుకు? తెలుస్తూనే ఉందిగా!"

ఆమె మొహం మాడ్చుకుని, వాన తగ్గకుండానే సైకిలెక్కి వెళ్ళిపోయింది. బుగ్గ మీద పొట్టు ఇంకా అలాగే ఉంది. ఫైబర్ షాపు మనిషికి అంత కోపం దేనికో అతనికి అర్థం కాలేదు.

శనివారం వంపు తీసే పని. ఆ వర్క్‌షాప్‌లో అసలు పని అదే. విల్లుకి నారి కట్టి గోడ స్టాండుకి తగిలిస్తారు. నారికి కట్టిన తాడుని కప్పీ మీదుగా కిందికి లాగితే విల్లు వంగుతుంది. పిడికి అటూ ఇటూ ఉన్న పైరెక్క, కిందిరెక్క ఒకేలా వంగాలి. ఎక్కడ మొండిగా ఉంటే అక్కడ బ్లేడుతో కాస్త గీకి, మళ్ళీ లాగి చూడాలి. మావయ్య పెట్టిన పద్ధతి ఒకటుంది. గీకేవాడు వంపు చూడకూడదు. తను గీకింది తనకెప్పుడూ సరిగ్గానే కనిపిస్తుందని ఆయన అనేవాడు. అందుకని ఒకరు లాగి గీకుతారు, ఇంకొకరు దూరంగా నిలబడి వంపు చెప్తారు. చెప్పేది ఎప్పుడూ అత్తయ్యే.

ఆ పొద్దున అత్తయ్య సంచులు ఇచ్చిరావడానికి వెళ్ళి, ఎక్కడో కబుర్లలో పడింది. వచ్చింది మాత్రం సీఐడీ.

"నేను చెప్తా," అంది గోడకి ఎదురుగా నిలబడి.

"మీరా?"

"భయమా?"

భయమే. గీకిన చెక్క మళ్ళీ అతకదు. తప్పుగా ఒక్క మాట చెప్పిందంటే విల్లు పాడవుతుంది, షాపు మూతపడుతుంది. ఫైబర్ వాళ్ళకి అంతకంటే ఏం కావాలి? కానీ ఆదివారం రేపే. తాడు లాగాడు.

"ఇంకొంచెం. పైరెక్క చివర మొండిగా ఉంది."

అతను గీకలేదు. ఆమె వంక చూశాడు. ఆమె కళ్ళు విల్లు మీదే ఉన్నాయి. పెదవి కొరుక్కుంటోంది. మోసం చేసే వాళ్ళు పెదవి కొరుక్కుంటారా? ఏమో. నిట్టూర్చి, పైరెక్క చివర కాస్త గీకి లాగాడు.

"ఇప్పుడు బాగుంది. లాగండి... ఆగండి! ఆగండి!"

అరుస్తూనే ఆమె అరచేత్తో కనుబొమ్మ కప్పుకుంది. అతను తాడు వదిలేశాడు.

"కిందిరెక్క, పిడి పక్కన ఎక్కువ వంగుతోంది. అక్కడ ముట్టుకోకండి. చివరవైపు గీకండి," అంది.

"పిడి పక్కన సంగతి మీకెలా తెలుసు?"

"ఆ విల్లు కూడా అక్కడే విరిగింది కాబట్టి."

చెయ్యి తీసి, జుట్టు పక్కకి నెట్టింది. కనుబొమ్మ మీద అడ్డంగా కుట్ల మచ్చ.

మహాతల్లి! ఎదురుగా కూర్చోబెట్టి తిట్టింది ఈమెనే!

"నేను ఎండలో పెట్టలేదు," అంది. "కార్లో అసలే పెట్టలేదు. మాకు కారు లేదు, ఈ సైకిలే ఉంది. కానీ మీ మాట విని క్లబ్ మొత్తం నన్నే అంటోంది, వస్తువు విలువ తెలియనిదని. విల్లు ముట్టుకోవాలంటేనే సిగ్గేస్తోంది నాకు. మీరెలా చేస్తారో చూసి, తప్పెవరిదో తేల్చుకుందామని వచ్చా. మీ మీద నాకు అనుమానం. ఇప్పటికీ ఉంది."

సంచిలోంచి విరిగిన ముక్క తీసి బల్ల మీద పెట్టింది.

అతను దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. వేడికి కరిగితే జిగురు పొడుగునా జారాలి. ఇది జారలేదు. అంతటా చెక్క నారలు చీరుకుని వచ్చాయి, అంటే గట్టిగానే అతికింది. ఒక్క పిడి పక్కన మాత్రం నున్నగా, కోలగా ఒక మరక. అక్కడ జిగురు పట్టనే లేదు. మరకలో సన్నటి గీతలు. బొటనవేలి ముద్ర!

తన వేలు ఆనించి చూశాడు. పెద్దదైంది.

"ఏంట్రా అది?" అంటూ అప్పుడే లోపలికొచ్చిన అత్తయ్య ముక్క అందుకుంది. చూసింది. తన వేలు పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

"మిషన్‌కి నూనె వేసి, అదే చేత్తో పట్టీలు అందించానేమోరా," అని కుర్చీలో కూలబడింది. "అయ్యో తల్లీ! మా తప్పుకి నువ్వు మాటలు పడ్డావా?"

ఆమె అతని వైపు తిరిగింది. "రేపు అందరి ముందూ ఈ మాట చెప్తారా?"

చెప్తే ఈ కొత్త విల్లుని మాత్రం ఎవరు నమ్ముతారు? అతని మొహంలో ఆ లెక్క ఆమెకి కనిపించినట్టుంది.

"చెప్పరు. నాకు తెలుసు," అని వెళ్ళిపోయింది.

ఆదివారం క్లబ్ మైదానంలో అందరూ చేరారు, అత్తయ్య కూడా. ఆమె చివర్లో చేతులు కట్టుకుని నిలబడింది. విల్లు తీసుకోవడానికి కోచ్ చెయ్యి చాపాడు.

"ఒక్క నిమిషం సార్," అన్నాడు విల్లులబ్బాయి. "ఆ రోజు విరిగిన విల్లు మా తప్పు. లోపల నూనె మరక ఉంది, జిగురు పట్టలేదు. ఆ అమ్మాయి దాన్ని ఎండలో పెట్టలేదు. తెలుసుకోకుండా నేను నోరు పారేసుకున్నా. మీ అందరి ముందూ క్షమించమని అడుగుతున్నా."

కోచ్ చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. "మరి దీన్లో నూనె లేదని ఏంటయ్యా గ్యారంటీ?"

"దీన్ని నేనొక్కణ్ణే అతికించా సార్. తలుపు గడియ పెట్టుకుని. అత్తయ్యని కూడా రానివ్వలేదు."

"ఎందుకూ?"

అతను నేల చూపులు చూశాడు. "ఈ అమ్మాయి మీద అనుమానంతో. ఫైబర్ షాపు గూఢచారి అనుకున్నా."

ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరూ ముందుకి రాలేదు. లోపల ఏముందో పైకి కనిపించదు, అతని మాటే దిక్కు. ఇక అయిపోయింది అనుకున్నాడు. విల్లు సంచిలో పెట్టేయబోతుంటే పక్కన ఒక చెయ్యి దాన్ని పట్టుకుంది.

"గూఢచారా?" అంది ఆమె. కోపమో నవ్వో తెలియడం లేదు.

"అందంగా ఉన్నారని అనుమానమొచ్చింది."

"బాగుంది వరస." జుట్టు వెనక్కి లాగి కట్టుకుంది. మచ్చ అందరికీ కనిపించింది. ఆమె పట్టించుకోలేదు. బాణం పెట్టి, మొహం పక్కదాకా లాగింది.

అతనికి షాపు సంగతి ఆ క్షణాన గుర్తే రాలేదు. ఆ అమ్మాయికి ఏమీ కాకూడదు, అంతే. బాణం వెళ్ళి గుచ్చుకుంది. ఆమె ఇంకోటి పెట్టింది. తర్వాత ఇంకోటి. వరసపెట్టి వదులుతూనే ఉంది. విల్లు కిమ్మనలేదు.

కోచ్ విల్లు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇలాంటివే చేసుకురా," అని భుజం తట్టి, ఆ అమ్మాయికి తలొంచి సారీ చెప్పి వెళ్ళాడు. చూస్తున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆమె చుట్టూ చేరారు. ఆమె అందరినీ దాటుకుని అతని దగ్గరికొచ్చింది.

"నిన్న మీరు చెప్పరనుకున్నా."

"నేనూ అదే అనుకున్నా," అన్నాడు నిజాయితీగా. "ఇంకో అనుమానం కూడా ఉందండీ నాకు."

"ఇంకానా! ఎవరి మీద?"

"నా మీదే. మీరంటే ఇష్టమేమోనని. వాన రోజు నుంచీ."

"నాకు పొట్టు పూసిన రోజు నుంచా?" ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "తొందరగా తేల్చుకోండి మరి. నాకైతే తేలిపోయింది."

అతను నోరు తెరిచేలోగా వెనకనుంచి అత్తయ్య అందుకుంది. "అమ్మాయ్, మీ ఇంట్లో ఎవరితో మాట్లాడాలి?"

"మా అమ్మతో, పిన్నిగారూ. కానీ ముందే చెప్తున్నా, ఆవిడ ఎవర్నీ ఓ పట్టాన నమ్మదు. లక్ష ప్రశ్నలు వేస్తుంది."

"వెయ్యనీ తల్లీ," అంది అత్తయ్య, మేనల్లుడి కాలర్ సర్దుతూ. "అనుమానించడం మొదలుపెట్టిందే మావాడు. ఇక జవాబులు చెప్పడం వాడి వంతు."