కేకేసి, బదులొచ్చాకే నీళ్లు

ట్యాబ్ మళ్లీ టింగుమంది. బొమ్మ గీస్తున్న షమ్సా విసుగ్గా పెన్సిల్ కింద పెట్టింది.

"పై తోట తూము మూయనా?" అని తెర మీద అడుగుతోంది ఏఐ సహాయిక.

ఒమన్ కొండల్లోంచి వచ్చే ఆ ఊరి కాలువ పెత్తనం షమ్సా వాళ్లమ్మ జువైనాది. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వెళ్లాలో లెక్క చూసేది ఆ సహాయికే. లెక్కలో దాన్ని మించినవాళ్లు లేరు, ఒక్క బొట్టు వృథా కానివ్వదు. కానీ తూముల మోటార్లు మాత్రం మనిషి 'సరే' నొక్కితేనే కదులుతాయి. ఆ కట్టడి పెట్టింది జువైనాయే.

ఆ రోజు చెడిపోయిన మోటారు చూడటానికి వెళ్తూ ట్యాబ్ కూతురికి ఇచ్చింది. "అది అడిగినప్పుడల్లా నాకు ఫోన్ చెయ్యి. నేను చెప్పాకే నొక్కు."

ఇప్పటికే చాలాసార్లు ఫోన్ చేసింది షమ్సా. 'సరే' కింద ఇంకో బటన్ కనిపించింది: 'ఇకపై అడగకు'.

"ప్రాణం తోడేస్తున్నావు కదా," అంటూ అది నొక్కేసింది. ట్యాబ్ నోరు మూసింది. ఎంత హాయో.

కాసేపటికి కింద మడుల్లోంచి మౌజా అవ్వ గొంతు వినిపించింది. "ఎవరే నీళ్లు వదిలింది? ఒక్క కేకైనా వెయ్యరా?"

షమ్సా ట్యాబ్ పట్టుకుని పరుగెత్తింది. అవ్వ అప్పుడే నాటిన ఖర్జూరం పిలకలు బురదనీళ్లలో తేలుతున్నాయి. చుట్టూ గట్టు ఇంకా వెయ్యనేలేదు.

"మీ తాత నాటిన చెట్టు ఎండిపోతూ ఇచ్చిన పిలకలే ఇవి," అంది అవ్వ. "ఇవి పోతే ఇక ఆయన చెట్టు లేదు."

కేక విని జువైనా వచ్చి తూము చేత్తోనే మూసింది. చీలమండల దాకా బురదలో దిగి పిలకలు ఏరసాగింది.

"అది తప్పు చేసిందమ్మా," అంది షమ్సా.

జువైనా ట్యాబ్‌ని అడిగింది. "పై తోట త్వరగా తడిసింది. తర్వాతి వంతు మౌజా గారిది. 'ఇకపై అడగకు' నొక్కారు, అదే అనుమతి అనుకుని వదిలాను," అని చెప్పింది సహాయిక.

"దాని లెక్క తప్పలేదు," అంది జువైనా. "అవ్వ చేతులు ఇంకా మట్టిలోనే ఉన్నాయని దానికెలా తెలుస్తుంది?"

మళ్లీ వంగి పిలకలు ఏరసాగింది. తిట్టినా బాగుండేదనిపించింది షమ్సాకి. ఆ 'ఇకపై అడగకు' వెనక్కి తీసేసింది. ఒక పిలక కాలువలో కొట్టుకుపోతుంటే గౌను తడుపుకుంటూ దిగి పట్టుకొచ్చింది. అన్నీ దొరికాయి. ముగ్గురూ కలిసి మళ్లీ నాటారు.

అవ్వ వంతు మళ్లీ వచ్చిన రోజు ట్యాబ్ టింగుమంది. "మౌజా గారి తూము తెరవనా?"

"వెళ్లి నువ్వే అడిగి రా," అంది జువైనా.

షమ్సా ట్యాబ్ చంకన పెట్టుకుని గట్టు వెంట పరుగెత్తింది. "అవ్వా, నీళ్లు వదలనా?"

"ఆగవే. గట్టు ఇంకా పూర్తికాలేదు."

షమ్సా రాయి మీద కూర్చుంది. ఒళ్లో ట్యాబ్ కూడా చప్పుడు చెయ్యకుండా ఎదురుచూస్తోంది.

"నీకన్నా దానికే ఓపిక ఎక్కువే పిల్లా," అంది అవ్వ నవ్వుతూ.

"నేనూ నేర్చుకుంటున్నా అవ్వా."

అవ్వ చివరి మట్టిపెళ్ల సర్ది, చేతులు దులుపుకుంది. "ఇప్పుడు వదులు."

షమ్సా 'సరే' నొక్కింది. నీళ్లు మెల్లగా వచ్చి పిలకల మొదళ్లు తడిపాయి.