అప్పలకొండ వద్దన్న తేదీ

పదకొండో మనిషికి తేదీ చెప్పి పంపేసరికి తబిత గొంతు ఎండిపోయింది. రెండు గుక్కలు నీళ్లు తాగి, తెర మీద ‘వినిపించాను’ నొక్కింది. లెక్క కట్టేది ముందెరుక అనే కంప్యూటరు. కానీ ఆ లెక్క మనిషి నోటితో చెబితేనే చెల్లుతుందని చట్టం. భీమిలి రక్తసూచి కేంద్రంలో ఆరేళ్లుగా ఆ నోరు తబితది. ప్రొస్టేట్ కేన్సర్‌కి హార్మోను సూదులు వేయించుకుంటున్న మగవాళ్లకి, రక్తంలో జబ్బు జాడ చెప్పే పీఎస్ఏ ఎంతకి దిగిందో, జబ్బు మళ్లీ ఏ తారీఖున తలెత్తుతుందో ఆమె చెప్పాలి.

బయట హాల్లో ఏసీ గొడవ నడుస్తోంది. సూదుల వల్ల ఒంట్లో ఆవిర్లు పుట్టినవాళ్లు పెంచమంటారు, చెమట ఆరాక వాళ్లే శాలువాలు కప్పుకుని తగ్గించమంటారు. కూర్చోవడంలోనూ అంతస్తులున్నాయి. పీఎస్ఏ పాయింట్ ఒకటికి దిగినవాళ్లు కిటికీ పక్కన, ఒకటి దాటినవాళ్లు తలుపు దగ్గర. ఎవరూ పెట్టిన నియమం కాదు.

పన్నెండో మనిషి దాసరి అప్పలకొండ. అరవై తొమ్మిదేళ్లు, నలభై ఏళ్లు మరబోటు నడిపినవాడు, భార్య పోయింది. పక్కన నూకరత్నం కూర్చుంది. సంతలో ఎండుచేపలు అమ్ముతుంది, ఆవిడకీ భర్త లేడు. ఇద్దరూ పెళ్లి చేసుకోవాలనుకున్నారు. అరవై దాటినవాళ్ల పెళ్లికి రిజిస్ట్రారు ముందెరుక తేదీ అడుగుతాడు. అది రెండేళ్లలోపు ఉంటే కాగితం ఆపేస్తాడు. నూకరత్నం లాంటివాళ్లు రెండోసారి ఏడవకుండా కాపాడడానికట.

తబిత తెర చూసింది. సూదులు మొదలైన ఏడో నెలకి పీఎస్ఏ పాయింట్ రెండుకి దిగితే మంచిది. అప్పలకొండది ఒకటీ పాయింట్ ఒకటి దగ్గర ఆగిపోయింది. ముందెరుక పద్నాలుగు నెలల తేదీ వేసింది. ఆమె నోరు తెరవబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపాడు. సూదులు మానననీ, డాక్టరు ఏం చెబితే అది చేస్తాననీ, ఆ అంకె డాక్టరుకి చేరితే చాలుననీ అన్నాడు.

“సూది డాక్టరు చూసుకుంటాడు, కూర రత్నం చూసుకుంటాది. మజ్జిన ఈ తేదీకి మా ఇంట్లో పనేటమ్మా?”

తబిత నూకరత్నం వైపు తిరిగి, మీకైనా తెలియాలి కదా పిన్నీ అంది.

నూకరత్నం వద్దంది. “మా ముందాయనతో ముప్పై రెండేళ్లు రోజూ దెబ్బలాడేను. తేదీ తెలిస్తే ఈయన మీద జాలి పుడతాది. జాలిపడ్డ మనిషితో ఎలా దెబ్బలాడేది, చెప్పు?”

అప్పలకొండ తలూపాడు. ఆయనకీ అదే భయంగా ఉన్నట్టుంది.

‘వినిపించాను’ కింద బూడిదరంగులో చిన్న మీట ఉంది. ‘వద్దన్నారు’ అని. అది కోర్టువాళ్లు అడిగితే చూపించడానికి పెట్టింది, ముట్టుకోకు అని ఉద్యోగంలో చేరిన రోజే సూపర్‌వైజరు చెప్పాడు. తబిత ముందు ఒకటీ పాయింట్ ఒకటిని డాక్టరుకి పంపి, ఈ వారమే చూడమని రాసింది. తర్వాత ఆ మీట నొక్కింది. నిజంగానా అని ముందెరుక మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అవునంది. అంతలోనే ఆమెకి, ఇన్నేళ్లలో మొదటిసారి, ఒకరికి తేదీ చెప్పకుండా పంపుతున్నానని తట్టి ఒళ్లు తేలికైంది.

వినిపించని తేదీ చెల్లదు. చెల్లని తేదీతో రిజిస్ట్రారు దేన్నీ ఆపలేడు. పెళ్లికి అభ్యంతరం లేదన్న కాగితం ప్రింటరులోంచి టక్కున బయటికొచ్చింది.

హాల్లో ఎవరో ఎంతొచ్చిందని అడిగితే, అడగలేదు, వద్దంటే నొక్కే రెండో మీట ఉంది అన్నాడు అప్పలకొండ. అందరూ ఆయన వైపు తిరిగారు.

పదమూడో మనిషి రిటైరైన హెడ్మాస్టరు ధర్మలింగం. కేంద్రం మొత్తానికి మంచి అంకె ఆయనదే. నెలనెలా ఆ అంకె పదిమందికీ వినబడేలా చెప్పించుకునేవాడు. లోపలికొచ్చి, తలుపు వేసి, గొంతు తగ్గించాడు.

“మంచి తేదీ కూడా తేదీయే కదమ్మా. రోజూ గోడ మీద కేలండరు చూసి లేస్తున్నాను. ఆ రెండో మీట నాకూ పనిచేస్తుందా?”

పనిచేసింది. భోజనం వేళకి మిగిలిన పదిహేడు మందీ అదే నొక్కించుకున్నారు.

వినేవాళ్లు లేని తేదీలని ఏం చెయ్యాలో ముందెరుకకి ఎవరూ నేర్పలేదు. ఒంటిగంటకి తెర మీద ప్రశ్న వచ్చింది: ‘తేదీ లేని పంతొమ్మిది మందిని ఏం చేయాలి?’

తబిత పెరుగన్నం డబ్బా మూత తీసి, ఎడమచేత్తో టైపు కొట్టింది: ‘వచ్చే నెల సూదికి రమ్మను.’

ముందెరుక అర్థం కాలేదంది. ఆమె అన్నం కలుపుకుంది.